ఎండ తగిలిన చిప్

మాదాపూర్‌లో ఒక ఎనిమిది అంతస్తుల అద్దాల మేడ. దాని అడుగున, కార్లు పెట్టుకునే చోటుకు కూడా కింద, మా చిల్లర్లు రెండు ఉండేవి. అవి నీళ్లను చల్లబరిచేవి. ఆ నీళ్లు గొట్టాల్లో పైకెక్కి, గదుల్ని చల్లబరిచి, తాము వేడెక్కి మళ్లీ కిందికి దిగేవి. పైన కంప్యూటర్ల ముందు కూర్చున్న పిల్లలకు ఆ చలువ ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. ఈ కథ నాటికి పద్నాలుగేళ్లుగా నేను ఆ నీళ్లకు కాపలా ఉన్నాను. అంతకుముందు జీడిమెట్లలో ఐసు ఫ్యాక్టరీ. అంటే బతుకంతా చలువతోనే గడిచింది.

నాకు చదువు రాదు. నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి యాభై ఎనిమిదేళ్లు వచ్చాయి, అప్పటికీ రాదు. అంకెలు మాత్రం వచ్చు. ఐసు దిమ్మెలు లెక్కపెడుతూ, బస్సు నంబర్లు చూస్తూ వచ్చేశాయి. చిల్లర్ల దగ్గర గంటకోసారి పుస్తకంలో రాయాల్సినవి కూడా అంకెలే: నీళ్ల వేడి ఎంత, ప్రెషరు ఎంత, మోటారు ఎంత కరెంటు లాగుతోంది. చివరి గడిలో అందరూ ఒక ఇంగ్లీషు ముక్క రాసేవారు, అంతా బాగానే ఉందని. దాన్ని నేను ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు గీసేవాణ్ని. యంత్రం అలారం కొడితే తెర మీద అక్షరాలతో పాటు ఒక నంబరు వస్తుంది. ఏ నంబరుకు ఏం చేయాలో నాకు నోటికి వచ్చు. ఎవరైనా ఏదైనా చదవమంటే "ఇంగ్లీష్ రాదు సార్" అనేవాణ్ని. అది అబద్ధం కాదు. తెలుగైనా వచ్చా అని ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. మా ఇంటామెకు ఒక్కదానికే తెలుసు.

ఆ యంత్రాలకు ఏడాదికి నాలుగుసార్లు మరమ్మతు చూడ్డానికి కూకట్‌పల్లి నుంచి సర్వీసు కంపెనీ మనుషులు వచ్చేవారు. ఒక ఏడు ఒక అమ్మాయి రావడం మొదలైంది. అనంతపురం వైపు పిల్ల. స్కూటీ మీద ముందు కాళ్ల దగ్గర పనిముట్ల సంచీ పెట్టుకుని వచ్చేది. వాళ్ల కంపెనీలో యంత్రాల దగ్గరికి తిరిగే ఆడపిల్ల ఆమె ఒక్కతే. మొదటిరోజే నాకు సంగతి చెప్పేసింది.

"మా మేనేజరుకు నన్ను సైట్లకు పంపేది ఇష్టం లేదు పెద్దాయనా. ఏడాది చూస్తానన్నాడు. ఒక్క పని చెడినా ఆఫీసులో ఫోన్లు ఎత్తేకి కూచోబెడతాడంట. నేను ఫోన్లు ఎత్తేకి సదువుకోలే."

"చెడితే గద. చెడనియ్యకు," అన్నాను. మెత్తగా మాట్లాడటం నాకు చిన్నప్పటినుంచీ రాదు.

అయినా ఆ పిల్ల పనితనం నాకు నచ్చింది. నట్టు విప్పితే అది ఎక్కడ పెట్టిందో మళ్లీ వెతుక్కునేది కాదు. అన్నం తినే ముందు చేతులు కడుక్కున్నంత శ్రద్ధగా, పని మొదలుపెట్టే ముందూ కడుక్కునేది.

మాఘమాసంలో ఒకరోజు కొత్త చిప్ తెచ్చింది. కొత్తరకం చిల్లర్లకు ఇప్పుడు ఇవన్నీ లాప్‌టాప్ తగిలించి చేసేస్తున్నారు. మావి పాతవి. వాటి బుద్ధంతా పెట్టెలో ఒక నల్లటి చిప్‌లో ఉండేది. చిటికెన వేలంత పొడుగు, రెండు పక్కలా జెర్రికి ఉన్నట్టు కాళ్లు. బుద్ధి మార్చాలంటే ఆ చిప్ పీకి వేరేది గుచ్చాలి. మార్చాల్సిన అవసరం ఏమిటంటే, కరెంటు పోయి జనరేటరు అందుకున్నాక మా చిల్లర్లు ఇరవై నిమిషాలు మొండికేసి కూర్చునేవి. అంతసేపూ పైనుంచి ఫోన్లే ఫోన్లు. కొత్త చిప్ పెడితే రెండు నిమిషాల్లో లేస్తాయట. ముందు ఒకదానికి పెట్టి చూద్దామన్నారు.

ఆమె పాత లెక్కలన్నీ కాగితం మీద ఎక్కించుకుంది. నేను కరెంటు తీసి తాళం వేశాను.

"తాళంచెవి నా జేబుల ఉన్నది బిడ్డా. ఫికర్ చెయ్యకు."

ఆమె ముంజేతికి ఒక పట్టీ కట్టుకుని, దాని తీగను యంత్రానికి తగిలించింది.

"గిదేంది? నిన్ను నువ్వే కట్టేసుకున్నవ్?"

"మన ఒంట్లో ఉండే కరెంటు దీనికి తగలకూడదు పెద్దాయనా. మనకు తెలియనే తెలీదు. దానికి మాత్రం పిడుగు పడినట్టే."

పాతది పీకింది, కొత్తది గుచ్చింది. కాళ్లు ఒక్కటీ వంగలేదు. చిల్లర్ లేచింది. పాత చిప్‌ను చేతిలో పెట్టుకుని నాతో అంది: "కొత్తది కుదురుకునేదాకా ఇది మీరే దాచాల. ఏమన్నా తేడా వస్తే మళ్లీ ఇదే పెట్టుకుంటాం. నా చేతికి రెండోది లేదు."

"నా పానం లెక్క చూస్త."

ఇంతలో మేడ మీద కూలింగ్ టవరు దగ్గర నీళ్లు పొర్లుతున్నాయని ఫోనొచ్చింది. నేను పైకి పోయాను. వచ్చేసరికి ఆమె వెళ్లిపోయింది. బల్ల మీద చిప్ ఉంది. దాని వీపు మీద గోరంత తెల్లకాగితం అంటించి, నీలి సిరాతో ఏవో రెండు ముక్కలు రాసి ఉన్నాయి. యంత్రాలకు పేరుపలక ఉన్నట్టు దీనికీ పేరు రాసింది కాబోలు అనుకున్నాను.

ఐసు ఫ్యాక్టరీలో మాకొక ఆనవాయితీ ఉండేది. ఏళ్లతరబడి కష్టపడి దిగిపోయిన ముక్కను, బేరింగు గానీ బెల్టు గానీ, అట్లాగే తుక్కులో పడేయం. తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, దేవుడి పటం ముందు ఉంచుతాం. దసరా వెళ్లాకే తుక్కు. నేను ఇక్కడా మానలేదు. బేస్‌మెంట్‌లో అగరుబత్తి వెలిగిస్తే పొగ గంట మోగి గార్డులు పరుగెత్తుకొస్తారు కాబట్టి, ఎల్లమ్మ తల్లి పటాన్ని మేడ మీద టవర్ల పక్క గోడకు పెట్టుకున్నాను. తూర్పు ముఖం. పొద్దున్నే ఎండ నిండుగా పడుతుంది.

పద్నాలుగేళ్లు నాతో పనిచేసిన చిప్‌ను అక్కడికి తీసుకుపోయాను. పసుపు నీళ్లకు కాగితం నానిపోతుందని మెల్లగా ఊడదీశాను. దాని కింద చిన్న గుండ్రటి అద్దం ఉంది. అద్దం లోపల వెంట్రుక కన్నా సన్నటి బంగారు తీగలు. అంత చక్కటి అద్దాన్ని కుంకుమతో మూసేయబుద్ధి కాక బొట్టు పక్కన పెట్టాను. పేరుపలక పారేయకూడదు కదా, ఆ కాగితాన్ని నా మెడలో వేసుకునే గుర్తింపు కార్డు వెనక అంటించుకున్నాను. చిప్‌ను అమ్మవారి పాదాల ముందు, వెల్లకిలా కాకుండా, అద్దం పైకి ఉండేలా పెట్టాను. ఇంతకంటే భద్రమైన చోటు ఉంటుందా అనుకున్నాను.

ఉగాది దాటింది. ఎండలు ముదిరాయి, కరెంటు పోవడం మొదలైంది. కొత్త చిప్ పెట్టిన చిల్లర్ అన్నట్టుగానే రెండు నిమిషాల్లో లేచేది, కానీ సరిగ్గా నాలుగో నిమిషానికి తనంతట తానే ఆగిపోయేది. ఎన్నిసార్లు లేపినా అంతే. ఆమె వచ్చింది, వెనకాలే వాళ్ల మేనేజరూ వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, ఇస్త్రీ చొక్కా నలగకుండా నిలబడేవాడు.

"కొత్త చిప్‌లోనే ఏదో లోపం ఉంది సార్. సరిచేసింది పంపేదాకా పాతది పెడదాం," అంది ఆమె. "పెద్దాయనా, యాడ పెట్టినారు?"

నేను పైకి పోయి, తమలపాకులో పెట్టి తెచ్చాను. ఆమె చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"దీని మీది కాగితం యాడ?"

"ఊడింది," అన్నాను.

ఆమె ముఖం మారింది. పట్టీ కట్టుకుని, కొత్తది తీసి పాతది గుచ్చింది. కరెంటు ఇచ్చాను. తెర మీద అక్షరాల్లేవు, అంకెల్లేవు. కడిగిన పలకలా ఉంది.

"చచ్చిపోయింది," అన్నాడు మేనేజరు. "పట్టీ కట్టుకోకుండా చేత్తో తీసుంటావు అప్పుడు. నేను ముందే అన్నానా లేదా? గాజుల చేతులకి ఈ పనులు ఎందుకమ్మా?"

"పట్టీ కట్టుకున్నా సార్. కాగితం నేను సరిగా అంటించలేదు. అద్దానికి ఎండ తగిలి లోపల రాసిందంతా చెరిగిపోయినట్టుంది."

"కాగితం అంటించడం కూడా రాదన్నమాట. సరే. రేపట్నుంచి ఆఫీసులో ఫోన్లు చూసుకో."

ఆమె చిప్ తీసి సంచిలో వేసుకుంది. కొత్త చిప్పే మళ్లీ గుచ్చింది. పోతూ పోతూ నాతో, "కరెంటు పోయినప్పుడల్లా దీన్ని మీరు చేత్తోనే నడిపించాల్సొస్తుంది పెద్దాయనా. ఏమనుకోవద్దు," అంది. నా మీద ఒక్క మాట వేయలేదు. ఒక్క మాట.

సాయంత్రం గోపన్‌పల్లిలో మా ఇంటికి చేరాను. ఇంట్లో కార్డు తీసి మేకుకు తగిలించాను. మా ఇంటామె ఐదు దాకా చదివింది. యూనివర్సిటీ హాస్టల్లో వంటకు పోయేది, అక్కడి పలక మీద ఏం వంటలో రోజూ ఆమే రాసేది. అన్నం పెడుతూ ఏమైందని అడిగింది. చెప్పాను. కార్డు వెనక్కి తిప్పి దీపం కిందికి పట్టుకుంది.

"గీ కాగితమేనా?"

"ఆ. దాని పేరు."

"పేరు గాదు. 'తీయొద్దు. ఎండ తగలొద్దు.' గిదీ రాసున్నది."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"తెలుగులనా?"

"తెలుగులనే. ముత్యాల లెక్క రాసింది. నీకు ఇంగ్లీష్ రాదన్నవ్ గద, నీ కోసమని తెలుగుల రాసింది పిల్ల." ఆమె కార్డును నా కంచం పక్కన పెట్టింది. "నువ్వేమో తీసినవ్. తీసి, ఎండల పెట్టినవ్. పెట్టి, ఊడిందని చెప్పినవ్. ఆమె నీ మీద పడనియ్యకుంట తన మీద ఏసుకున్నది. ఇగ ఏం జేస్తవ్?"

"చెప్తే నా నౌకరి పోతది."

"పోతది. నీకింక రెండేండ్లే ఉన్నది. ఆ పిల్లకు ముప్పై ఏండ్లున్నది."

మరునాడు సెలవు పెట్టి కూకట్‌పల్లి వాళ్ల ఆఫీసుకు పోయాను. ఆమె తలుపు పక్కనే ఒక బల్ల దగ్గర, చెవికి ఫోను తగిలించుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోతే కూర్చోమని చెయ్యి ఊపి, మేనేజరు గదిలోకి నడిచాను. తలుపు మూయలేదు. వినాలనే.

"ఆ కాగితం ఊడలే సార్. నేనే తీసిన."

"ఎందుకు తీశారండీ? తీయొద్దని తెలుగులో రాశానంటోందిగా?"

"గదే చెప్తున్న. తెలుగు గూడ రాదు నాకు."

ఆయన నవ్వాడు. "భలేవారే. రోజూ లాగ్‌బుక్ రాసేది మీరేగా?"

"అంకెలు రాస్త. కడమది బొమ్మ గీస్త."

నమ్మలేదు. బల్ల మీది పేపరు నా ముందుకు తోశాడు. నేను దాని వంక చూడనైనా చూడలేదు.

"అది సీదా పెట్టినా, తలకిందులు పెట్టినా నాకొకటే సార్. మీరు పరేషాన్ గావద్దు. బొట్టు పెడ్దామని కాగితం తీసిన, అమ్మవారి ముందు ఎండల పెట్టిన. ఆ పిల్ల పట్టీ కట్టుకునే పని జేసింది, నా రెండు కండ్లతోని చూసిన. ఇగ మీరు మా బిల్డింగోళ్లకు చెప్పుకుంటరో, నన్ను తిడ్తరో మీ ఇష్టం. ఆ ఫోనుల కాడికెళ్లి ఆమెను లేపుండ్రి."

ఆయన పేపరు వెనక్కి లాక్కున్నాడు. తర్వాత ఆమెను పిలిచాడు. ఆమె అంతా వినే ఉంది. లోపలికి వచ్చి అడిగిన మొదటి మాట ఇది: "బొట్టు ఎక్కడ పెట్టినారు పెద్దాయనా?"

"పక్కన. అద్దం మంచిగున్నదని."

"అద్దం మీదే పెట్టుంటే బతికిపోయేది కదా!" అని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ గోడవైపు తిరిగింది. కాసేపటికి ముఖం తుడుచుకుని, "నాదీ తప్పే సార్. రాసిపెట్టి వచ్చేసినా. ఆయన పైనుంచి దిగేదాకా ఆగి నోటితో చెప్పలే," అంది.

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. సరిచేసిన చిప్ రావడానికి మూడు వారాలు పడుతుందన్నాడు. వాళ్ల కంపెనీలో ఒక పద్ధతి ఉంది: చిప్ మార్చేటప్పుడు ఒకరు కాగితం చూసి ఒక్కో మెట్టు చదవాలి, రెండోవాళ్లు విని చేయాలి. చేసేవాళ్లు కాగితం చూడకూడదు. కిందటిసారి మనుషుల్లేక ఆమె ఒక్కతే చేసింది.

"ఈసారి కూడా నా దగ్గర ఖాళీగా ఉన్న మనిషి లేడు," అన్నాడు. "ఇద్దరూ కలిసి పాడుచేశారు. ఇద్దరూ కలిసే బాగుచేయండి. ఆయన చదవాలి, నువ్వు చేయాలి. నేను పక్కనే నిలబడతాను. సరిగ్గా అయితే నువ్వు సైట్లకే తిరుగు. కాకపోతే ఫోన్లే, ఇక నన్ను అడగొద్దు. బిల్డింగ్ వాళ్లకి నేనేం చెప్పను. చదవడం వస్తే చెప్పాల్సిందేముంది?"

ఎగతాళి చేశాడో, దయ చూపాడో ఇప్పటికీ నాకు తేల్చుకోవడం రాదు.

ఆమె చిప్ మార్చే పదకొండు మెట్లూ తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో, కష్టమైన మాటలు లేకుండా రాసి ఇచ్చింది. ఇంట్లో నేర్చుకోవడం మొదలుపెట్టాను. అ ఆలకు టైం లేదు, ఉన్న కాగితమే నేర్చుకోమంది మా ఇంటామె. నాలుగో రోజుకల్లా గడగడా అప్పజెప్పాను. ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ విని, కాగితం తీసుకుని పోయింది. ఇంకో దాని మీద అదంతా ఎక్కించి, కత్తెరతో మాటకు మాట ముక్కలు చేసి, చాటలో పోసి కలిపేసింది.

"ఇగ సదువు."

ఒక్కటీ రాలేదు.

"ఎర్కనే నాకు. నోటికి పట్టినవ్. నలభై ఏండ్లకెల్లి గట్లనే నెట్టుకొస్తున్నవ్. సిగ్గుండాలె," అంది. తిట్టి, నా చెయ్యి పట్టుకుని ముక్కల మీద వేలు పెట్టించింది. ఒక్కో అక్షరానికి ఎంతసేపు పట్టినా లేవనిచ్చేది కాదు. పొయ్యి మీద కూర మాడినా సరే. పగలు చిల్లర్ దగ్గర కూర్చుని, కరెంటు పోయినప్పుడు దాన్ని చేత్తో నడిపిస్తూ, మిగతాప్పుడు గోడ మీద రాసున్నవి చూసేవాణ్ని. పద్నాలుగేళ్లుగా నా తల మీదే ఉన్న బోర్డు ఒకటి 'జారును జాగ్రత్త' అంటోందని పదహారో రోజున తెలిసింది. అక్కడే రెండుసార్లు జారిపడ్డాను నేను.

చిప్ వచ్చింది. ఆమె వచ్చింది, మేనేజరు వచ్చాడు. నా చేతిలో కాగితం పెట్టబోతూ ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

"చిప్ చేసిన కంపెనీవాళ్లు పొద్దున కొత్త కాగితం పంపినారు. దాన్ని చూసి దీన్ని మళ్లీ తెలుగులో రాసినా. ఒక మెట్టు ఎక్కువైంది. ఏడోది. పద్ధతి ప్రకారం నేను ముందే చెప్పకూడదు."

పదకొండు కాదు, పన్నెండు.

ఆమె పట్టీ కట్టుకుని పెట్టె వైపు తిరిగింది. నేను మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. వేలు పెట్టుకుని చదివాను, అయినా అవి నాకు నోటికి వచ్చినవే. లోపమున్న చిప్ ఊడి వచ్చేసింది, సరిచేసింది గూట్లో కూర్చుంది. ఆరు అయింది.

ఏడో మెట్టు దగ్గర ఆగాను. దాటేసి తర్వాతది అప్పజెప్తే మేనేజరుకు తెలియదు. ఆయన గడియారం చూసుకుంటున్నాడు. కానీ ఆమె వేళ్లు పెట్టె లోపల నా మాట కోసం ఆగి ఉన్నాయి. రాసింది తనే అయినా, నేను ఏం చెబితే అదే చేస్తుంది. చెప్పకపోతే చేయదు. మళ్లీ నాలుగో నిమిషం వస్తుంది, మళ్లీ ఫోన్ల బల్ల వస్తుంది.

"ప... క్క... పక్క..." అన్నాను. చెమట కారి కంట్లోకి పోయింది. తుడుచుకుని మళ్లీ పట్టుకున్నాను. "పక్కన. ఉన్న. చి... చిన్న. మీ... మీద..."

కాదు. మీద కాదు. రెండో అక్షరం 'ద' కాదు.

"ఏమండీ, నేను చదవనా?" అన్నాడు మేనేజరు. గొంతులో వెటకారం లేదు.

"వద్దు సార్," అంది ఆమె, వెనక్కి తిరగకుండానే. "ఆయన చదువుతాడు. నాకేం తొందర లేదు."

"మీట," అన్నాను. "మీటను. కిం... కిందికి. నొ... నొక్కాలి. పక్కన ఉన్న చిన్న మీటను కిందికి నొక్కాలి!"

టిక్కుమని చప్పుడైంది.

"నొక్కినా. ఎనిమిది?"

ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఎట్లా చదివానో గుర్తు లేదు. చదివాను. కరెంటు ఇచ్చాం. తెర మీద అక్షరాలు వచ్చాయి. తర్వాత మేనేజరే కరెంటు తీసేయించి, జనరేటరు మీద లేపించాడు. రెండో నిమిషానికి మోటారు అందుకుంది. ముగ్గురం గడియారం చూస్తూ నిలబడ్డాం. మూడు. నాలుగు. ఐదో నిమిషం వచ్చింది, ఆరు వచ్చింది. గొట్టం మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లబడుతోంది.

మేనేజరు చొక్కా చేతులు దించుకుంటూ ఆమెతో అన్నాడు: "రేపు జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీ ఒకటుంది. ఇదే చిప్. పొద్దున్నే వెళ్లిపో." అని మెట్లెక్కి పోయాడు.

ఆమె పట్టీ విప్పుకుని, పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి సంచిలో సర్దింది. అన్నీ అయ్యాక నా వైపు చెయ్యి చాపింది.

"ఆ కాగితం ఇట్లియ్యండి పెద్దాయనా. రేపు అక్కడ కావాల."

నేను దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

"ఇంకోటి రాసుకో బిడ్డా. గిది నేనింకా సదవాలె."